ఇంట్లో పెద్దవారికి మనిషిని పెట్టాలంటే: తెలిసినవారా, ఏజెన్సీయా, ఆశ్రమమా?

ఇంట్లో పెద్దవారిని చూసుకోవడానికి మనిషి కోసం వెతికేటప్పుడు మొదట అడిగేది నెలకు ఎంత అని. ఆ తర్వాత, మనిషి నమ్మకస్తురాలేనా అని. రెండూ అడగవలసినవే. ఆమె రాని రోజు ఎవరు వస్తారన్న మూడో ప్రశ్న మాత్రం, ఆమె నిజంగా రాకుండా పోయే దాకా ఎవరికీ తట్టదు. ఆ రోజు ఉదయం ఎనిమిదింటికి పెద్దాయన తడిసిన డైపరుతో మంచం మీదే ఉంటారు. కొడుకు ఆఫీసుకు ఫోన్ చేసి సెలవు అడుగుతుంటాడు. కోడలు పొయ్యి ముందు నిలబడి ఏజెన్సీ నంబరుకు మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తుంటుంది. అందుకే కింద చెప్పబోయే దారులన్నిటినీ ముందు ఆ మూడో ప్రశ్నతోనే తూస్తాను. జీతం లెక్కలు తర్వాత.

ఈ వెతుకులాట ఇంకా పెరిగేదే. 2022లో దేశంలో అరవై దాటినవారు సుమారు 14.9 కోట్లు, జనాభాలో 10.5 శాతం. 2050 నాటికి 34.7 కోట్లకు, అంటే 20.8 శాతానికి చేరతారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 నాటి నివేదికలో అంచనా వేసింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. నలుగురు కొడుకులు వంతులు వేసుకుని చూసే రోజులు పోయాయి. ఉన్న ఇద్దరిలో ఒకరు డల్లాస్‌లో, ఇంకొకరు బెంగళూరులో ఉంటే తెనాలిలోనో తణుకులోనో అమ్మానాన్నలు మాత్రమే మిగులుతున్నారు. ఇక గోదావరి జిల్లాల నుంచి, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి ఎందరో ఆడవాళ్లు ఇళ్లలో పనికి కువైట్ వెళ్తున్నారు. అక్కడి ముసలివారిని ఎత్తి దించడం, వేళకు మందులు ఇవ్వడం నేర్చుకుని తిరిగి వచ్చినవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లను వెతికి పనికి పిలిచే ఏర్పాటే లేదు.

ముందు పని ఏమిటో తేల్చుకోండి

మనిషిని వెతకడానికి ముందు ఒక వారం పాటు కాగితం మీద రాయండి. పెద్దవారు రోజంతా ఏ గంటకు ఏం చేస్తున్నారు, ఎక్కడ ఇంకొకరి చెయ్యి కావలసి వస్తోంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు. అన్నిటికన్నా ఈ చివరిది ముఖ్యం. సగం ఏర్పాట్లు రాత్రుళ్ల దగ్గరే విరిగిపోతాయి.

ఆ కాగితం చూస్తే పని మూడు రకాలుగా తేలుతుంది. కొందరికి తోడు చాలు: వంట, మందులు గుర్తుచేయడం, సాయంత్రం వీధి చివరి దాకా నడిపించడం, నాలుగు మాటలు. కొందరికి చేతి సాయం కావాలి: స్నానం, బట్టలు, బాత్రూముకు తీసుకెళ్లడం, మెట్లు దింపడం. మూడో రకం మంచాన పడ్డవారు. వారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. మడమలు, తుంటి, వెన్ను చివర ఎర్రబడుతున్నాయేమో రోజూ చూడాలి. ముక్కు గొట్టంతో ఆహారం ఇస్తుంటే తల వైపు ఎత్తిపెట్టి ఇవ్వాలి, ఇచ్చాక కనీసం అరగంట పడుకోబెట్టకూడదు.

మొదటి రెండు పనులకు నర్సు అవసరం లేదు. మూడోదానికి కూడా చాలా భాగం బాగా నేర్చుకున్న అటెండెంట్ చేయగలరు. కానీ ముక్కు గొట్టం వేయడం, మూత్రం గొట్టం మార్చడం, ఇంజెక్షన్, లోతైన పుండుకు కట్టు కట్టడం నర్సు పనులు. నర్సు చదువుల్లో ఏఎన్ఎం రెండేళ్ల కోర్సు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఏజెన్సీలు పంపేవారిలో చాలామంది ఈ మూడింటిలో ఏదీ చదివినవారు కారు. అది తప్పేమీ కాదు. అటెండెంట్‌ను పంపి, నర్సు అని చెప్పి, నర్సు రేటు వసూలు చేయడం మాత్రం తప్పే. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమని అడగడానికి మొహమాటపడకండి. నిజమైన నర్సమ్మ అయితే ఆ ప్రశ్నకు నొచ్చుకోదు.

మతిమరుపు జబ్బు ఉన్నవారి లెక్క వేరు. వాళ్లు చకచకా నడుస్తారు, అన్నం తామే తింటారు, చూడటానికి ఏ సాయమూ అక్కర్లేదనిపిస్తుంది. రాత్రి రెండింటికి గేటు తీసుకుని బయటకు వెళ్లిపోతారు. అక్కడ కావలసింది బలం కాదు, ఓపిక. ఒకే ప్రశ్నకు ఇరవయ్యోసారి కూడా చిరాకు లేకుండా జవాబు చెప్పే మనిషి, ఏ కోర్సూ చదవకపోయినా, పట్టా ఉన్న కోపిష్ఠి కన్నా నయం.

24 గంటల మనిషి అనే మాట

అందరూ అడిగేది ఇదే: ఇంట్లోనే ఉండి రాత్రింబవళ్లు చూసుకునే ఒక్క మనిషి. లెక్క వేద్దాం. వారానికి 168 గంటలు. రోజుకు పన్నెండు గంటల చొప్పున, వారంలో ఆరు రోజులు ఎడతెగకుండా పనిచేసినా ఒక మనిషి ఇవ్వగలిగేది 72. అంటే మెలకువగా ఉండే మనిషి రాత్రీపగలూ పక్కన ఉండాలంటే ఇద్దరు కూడా చాలరు. మనం ఒకరికి జీతం ఇచ్చి ఇద్దరిని మించిన పని అడుగుతున్నాం. ఆమె మూడో వారానికి ఊరికి వెళ్లి వస్తానని చెప్పి, తిరిగి రాదు. ఈ కాలంలో మనుషులు నిలవడం లేదని మనం అనుకుంటాం.

పెద్దవారు రాత్రంతా పడుకుంటే, లేదా ఒకసారి లేచి మళ్లీ నిద్రపోతే, ఇంట్లో ఉండే ఒక్క మనిషి సరిపోతుంది. మధ్యాహ్నం ఆమెకు రెండు గంటలు విశ్రాంతి, వారానికి ఒక పూటైనా సెలవు ఉండాలి. రాత్రి మూడు నాలుగుసార్లు లేపవలసి వస్తుంటే మాత్రం ఒక్క మనిషితో నెట్టుకురావడం కుదరదు. పగలుకు ఒకరు, రాత్రికి ఒకరు. అంత పెట్టుకోలేకపోతే పగలు మనిషిని పెట్టి, రాత్రులు ఇంట్లోవాళ్లు వంతులు వేసుకోండి. ఎలాగూ ఒకరిని పెట్టాం కదా అని రాత్రి కూడా ఆమె మీదే వేస్తే రెండూ పోతాయి.

ఒక్కోసారి రాత్రి లేవడమే తగ్గించవచ్చు. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్ర సాయంత్రం వేస్తున్నారేమో, పొద్దున్నకు మార్చవచ్చేమో డాక్టరును అడగండి. మంచం పక్కన కమోడ్ కుర్చీ పెడితే లేచిన ప్రతిసారీ బాత్రూము దాకా నడిపించే పని తప్పుతుంది. రాత్రి మనిషికి ఇచ్చే జీతంతో పోలిస్తే ఆ కుర్చీ ఖర్చు ఏపాటి?

తెలిసిన మనిషి

ఊళ్లోనో, పనిమనిషి ద్వారానో, బంధువులు చెప్పగానో దొరికే మనిషి. చిన్న పట్టణాల్లో ఇప్పటికీ ఎక్కువ ఇళ్లు నడిచేది ఇలాగే. ఇచ్చిన జీతం పూర్తిగా ఆమెకే చేరుతుంది. మాట కలుస్తుంది. పెద్దావిడ "కాస్త చారు నీళ్లు" అంటే ఏం కావాలో ఆమెకు తెలుసు. చెవి సరిగా వినపడని, సగం మాట మింగేసే వయసులో భాష తెలిసిన మనిషి ఉండటం చిన్న విషయం కాదు.

మూడో ప్రశ్న దగ్గర మాత్రం ఈ దారి తేలిపోతుంది. సంక్రాంతి, కోతలు, చెల్లెలి పెళ్లి, పిల్లాడికి జ్వరం. నాగాలు తప్పవు, తప్పాలనడం న్యాయమూ కాదు. అందుకే మొదటి రోజే రెండో మనిషిని కూడా చూసి పెట్టుకోండి. చాలాసార్లు ఆ రెండో మనిషిని మొదటి మనిషే తెస్తుంది: వదినో, పక్కింటామో. నెలలో రెండు పూటలు ఆమెను పిలిపించి, పూట కూలి ఇచ్చి, పెద్దవారికి అలవాటు చేయండి. కొత్త ముఖం చూడగానే స్నానానికి రానని పెద్దాయన మొండికేసే ఇబ్బంది అప్పుడు ఉండదు. నెలకు రెండు పూటల కూలితో ఇంత నిశ్చింత ఇంకెక్కడా దొరకదు.

రెండో లోటు శిక్షణ. దానికి మంచి సమయం పెద్దవారిని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజు. ఆ ముందు రెండు రోజులు మనం పెట్టుకోబోయే మనిషిని వార్డుకు తీసుకెళ్లండి. పక్కకు తిప్పడం, డైపర్ మార్చడం, గొట్టంతో పాలు పట్టడం అక్కడి నర్సు చేతి కింద ఒకటికి రెండుసార్లు ఆమెతోనే చేయించండి. తర్వాత వీడియో చూసి నేర్చుకుంటుందిలే అనుకుంటే ఆ నేర్చుకోవడమంతా పెద్దవారి ఒంటి మీదే జరుగుతుంది.

మూడో చిక్కు మనం తెచ్చిపెట్టేది. పెద్దావిడ కోసం వచ్చిన మనిషి చేత "పనిలో పనిగా" అంట్లు, ఆ తర్వాత ఇల్లు తుడవడం, ఆపైన మనవడిని బడి నుంచి తీసుకురావడం. మూడు నెలలకు పెద్దావిడే ఆఖరి పనిగా మిగులుతుంది. ఏ పనులు చేయాలి, ఏవి అక్కర్లేదు అని ఒక కాగితం రాసి వంటింట్లో అతికించండి. అదనపు పని కావాలంటే అదనపు జీతం.

ఇంకో మాట చెప్పక తప్పదు. మనిషి కోసం ఫోన్ చేసి కులం అడిగే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మంచం మీది తల్లికి మలమూత్రాలు ఎత్తిపోసే మనిషికి వేరే గ్లాసు, వేరే కంచం పెట్టే ఇళ్లూ ఉన్నాయి. అలాంటి చోట మనిషి ఎందుకు నిలవడం లేదన్నది పెద్ద రహస్యమేమీ కాదు.

ఏజెన్సీ

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఎక్కువమంది చేరేది ఇక్కడికే. నెల సొమ్ము ఏజెన్సీకి కడతాం, అది తన వాటా ఉంచుకుని మిగిలింది అటెండెంట్‌కు ఇస్తుంది. చాలామంది ఒడిశా నుంచి, జార్ఖండ్ నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి, మన దగ్గరైతే ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చినవారు. మనిషి మానేస్తే ఇంకొకరిని పంపుతామన్నదే ఏజెన్సీ ఇచ్చే అసలు భరోసా. మనం అదనంగా చెల్లించేదంతా ఈ ఒక్క మాటకే. కాబట్టి బేరం కూడా ఆ మాట మీదే చేయాలి: మారు మనిషి ఎన్ని గంటల్లో వస్తారు, రాకపోతే ఆ రోజుల సొమ్ము తిరిగి ఇస్తారా, మార్చిన ప్రతిసారీ మళ్లీ రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలా. నోటి మాట కాదు, ఒప్పందంలో రాయించండి.

తర్వాత, ఎవరూ అడగని ఒక ప్రశ్న అడగండి: నేను కట్టేదాంట్లో ఆమె చేతికి ఎంత వెళ్తుంది, ఏ తేదీన? మాటవరసకు నెలకు 30,000 రూపాయలు కడుతున్నారనుకోండి. ఆమెకు 22,000 చేరితే ఒక కథ, 13,000 చేరితే ఇంకో కథ. రెండో కథలో ఆమె ఎక్కడ వెయ్యి ఎక్కువిస్తే అక్కడికి వెళ్లిపోతుంది. అందులో ఆమె తప్పేమీ లేదు. చెప్పడానికి ఏజెన్సీ ఇష్టపడకపోతే, వచ్చిన మనిషినే మెల్లగా అడిగి తెలుసుకోండి. జీతం ఆలస్యమవుతోందని తెలిస్తే అది మీ ఇంటి సమస్యే. వచ్చే నెల మారు మనిషి కోసం ఎదురుచూసేది మీరే.

నర్సమ్మ ఎవరైనా నెలకోసారి వచ్చి అటెండెంట్ పనిని చూసి వెళ్తారా అన్నది కూడా అడగండి. వెళ్తారంటే ఆ ఏజెన్సీకి కాస్త విలువ ఉన్నట్టే. లేదంటే అది మనుషులను సరఫరా చేసే దుకాణం మాత్రమే. ఆధార్ నకలు, పోలీసు వెరిఫికేషన్, ఆమె సొంత ఊరిలో ఒకరి ఫోన్ నంబరు మాత్రం ఎవరి దగ్గరైనా తీసుకోవలసినవే, తెలిసిన మనిషి దగ్గర కూడా.

వచ్చిన మనిషికి పని తెలుసో లేదో తేల్చుకోవడానికి గంటసేపు ఇంటర్వ్యూ చేయనక్కర్లేదు. పెద్దవారిని మంచం మీద నుంచి కుర్చీలో కూర్చోబెట్టమని అడిగి, పక్కన నిలబడి చూడండి. తెలిసినామె ముందు "అమ్మగారూ, ఇప్పుడు లేపుతున్నాను" అని చెబుతుంది. కుర్చీని పెద్దావిడకు బలం ఉన్న వైపు తెచ్చిపెడుతుంది, చక్రాల కుర్చీ అయితే చక్రాలు బిగిస్తుంది. కాళ్లు కిందికి దించి, పాదాలు నేలకు ఆనించి, మంచం అంచున ఒక నిమిషం కూర్చోనిస్తుంది, కళ్లు తిరుగుతున్నాయేమో చూస్తుంది. తర్వాత నడుం దగ్గర పట్టుకుని, తన మోకాళ్లు వంచి లేపుతుంది. తెలియనామె చెప్పకుండానే వచ్చి చంకల కింద చేతులు వేసి గుంజుతుంది. ఆ గుంజుడికి పెద్దావిడ భుజం పట్టేస్తుంది, ఈమె నడుం పట్టేస్తుంది. ఈ రెండు నిమిషాలు చూస్తే సర్టిఫికెట్ చెప్పని సంగతులు తెలుస్తాయి. అయితే తెలియనామెను వెంటనే వెనక్కి పంపేయకండి. ఒకసారి చూపించి, మళ్లీ చేయమనండి. శ్రద్ధగా నేర్చుకుందా, ఉంచుకోవచ్చు.

కంపెనీల హోమ్ నర్సింగ్

తుంటి ఎముక ఆపరేషన్ తర్వాతనో, పక్షవాతం వచ్చి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాకనో మొదటి కొన్ని వారాలకు ఇది బాగా పనికొస్తుంది. నర్సు, ఫిజియోథెరపిస్టు, అవసరమైతే ఆక్సిజన్, అల్ఫా బెడ్ (ఒంటికి పుండ్లు పడకుండా వేసే గాలి పరుపు) అన్నీ ఒకే ఫోన్‌తో వస్తాయి. నెలల తరబడి ఉంచుకుంటే మధ్యతరగతి ఇల్లు తట్టుకోలేదు. కాబట్టి ఈ వారాలను బడిలా వాడుకోండి. నర్సు ఉన్నంతకాలం, తర్వాత రాబోయే అటెండెంట్‌ను ఆమె పక్కన నిలబెట్టండి. డెబ్బై దాటినవారికి ఏడాదికి అయిదు లక్షల వరకు ఉచిత వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఉంది. కానీ అది ఆసుపత్రిలో చేరితే పనికొచ్చేది. ఇంట్లో పెట్టుకునే మనిషి జీతానికి దాన్ని నమ్ముకోకండి.

ఆశ్రమం అనగానే

వృద్ధాశ్రమంలో చేర్పించారంటే పిల్లలు వదిలేశారనే లోకం అనుకుంటుంది. ఆ మాటకు భయపడి, నడవలేని భార్యను నడుం వంగిన భర్త చేత ఎత్తించే ఇళ్లు నేను చూశాను. మూడో ప్రశ్నకు అన్నిటికన్నా నేరుగా జవాబు చెప్పేది మంచి ఆశ్రమమే: ఒక ఆయా రాకపోతే ఇంకో ఆయా ఉంటుంది. ఇంట్లో ఇద్దరూ బలహీనపడినప్పుడు, మతిమరుపుతో రాత్రుళ్లు బయటకు వెళ్లిపోతున్నప్పుడు, పిల్లలంతా విదేశాల్లో ఉండి ఊళ్లో చూసే దిక్కు లేనప్పుడు ఇదే సరైన దారి కావచ్చు.

చూడటానికి వెళ్లినప్పుడు తోటను, గుడిని, భోజనశాలను చూపిస్తారు. మీరు మాత్రం ఆదివారం రాత్రి భోజనాల వేళ, చెప్పకుండా వెళ్లండి. ఎన్ని మంచాలకు ఎందరు ఆయాలు ఉన్నారో అప్పుడే తెలుస్తుంది. వాళ్లలో ఒకరిని ఇక్కడ ఎన్నాళ్లుగా చేస్తున్నారమ్మా అని అడగండి. అందరూ నాలుగు నెలల కిందట వచ్చినవాళ్లే అయితే ఆ ఆశ్రమంలో ఏదో తేడా ఉంది. ఇంకోటి: చాలా ఆశ్రమాలు తమ పనులు తాము చేసుకోగలిగినవారినే చేర్చుకుంటాయి. మంచాన పడితే ఏం చేస్తారు, ఇంటికి తీసుకెళ్లమంటారా, డిపాజిట్ ఎంత తిరిగిస్తారు అన్నది చేరే రోజే రాతపూర్వకంగా తీసుకోండి. మంచాన పడ్డాకే అసలు అవసరం. అప్పుడు పంపించేసే చోటుకు లక్షల డిపాజిట్ కట్టడం ఎందుకు?

చేతిలో డబ్బు లేనివారికి చట్టం ఒక మాట ఇచ్చింది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమం ఏర్పాటు చేయవచ్చని రాష్ట్రాలకు చెప్పింది. ఆ "వచ్చని" అన్న చోటే చాలా ప్రభుత్వాలు ఆగిపోయాయి. క్యాన్సర్ ఆఖరి దశలో ఉన్నవారి సంగతి వేరు. హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ లాంటి చోట ఉచితంగా చూసుకుంటారు, ఇంటికి వచ్చి చూసే బృందాలూ ఉన్నాయి.

వీధికి ముగ్గురు

నన్ను అడిగితే పట్టణాల్లో అన్నిటికన్నా మేలైన దారి ఇది. ఒక అపార్ట్‌మెంట్‌లోనో, ఒక వీధిలోనో పెద్దవారు ఉన్న అయిదారు ఇళ్లు కలిసి ముగ్గురు మనుషులను పెట్టుకోవడం. ఇద్దరికి ఖాయంగా చూసే ఇళ్లు ఉంటాయి, మూడో ఆమె అందరి ఇళ్లూ తెలిసిన మనిషి. ఎవరు సెలవు పెడితే ఆ చోటికి వెళ్తుంది, మిగతా రోజుల్లో స్నానం చేయించడానికి మాత్రమే మనిషి కావలసిన ఇళ్లు చూస్తుంది. ఆమె జీతం అందరూ పంచుకుంటారు. దగ్గర్లోని ఏఎన్ఎంను వారానికోసారి పిలిపిస్తే బీపీ, షుగరు, పుండ్లు అన్నీ చూసిపోతుంది, ఆ ఖర్చూ పంచుకున్నదే. ముగ్గురూ ఒకే వీధిలో ఉంటే ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటారు, కష్టసుఖాలు చెప్పుకుంటారు. నాలుగు గోడల మధ్య జబ్బుమనిషితో రోజంతా ఒంటరిగా గడిపే అటెండెంట్‌కు జీతం తర్వాత అంత అవసరమైనది ఇదే.

చిక్కు ఉదయం ఆరు నుంచి పది మధ్య వస్తుంది. స్నానం, టిఫిను, మందులు అందరికీ అప్పుడే కావాలి. ఇన్సులిన్ తీసుకునేవారి ఇంటికి ముందు వెళ్లాలి, వారి టిఫిను వేళ తప్పకూడదు. తొమ్మిదింటి దాకా నిద్రలేవని పెద్దాయన ఇల్లు చివర. స్నానం పదకొండింటికైనా పరవాలేదనే ఇల్లు ఒకటి ఉంటే చాలా తేలిక. "మా నాన్నగారికి ముందు" అని ప్రతి ఇల్లూ పట్టుబడితే నెల తిరగకుండానే ఈ ఏర్పాటు చెడుతుంది. అందుకే వేళలు ముందే రాసుకుని, లెక్కలు చూసే బాధ్యత ఒక్కరికే ఇవ్వాలి. రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకరు ప్రతి వీధిలోనూ ఉంటారు.

ప్రభుత్వం తలచుకుంటే దీన్ని పెద్ద ఎత్తున చేయవచ్చు. కేరళలో కుటుంబశ్రీ మహిళా సంఘాల సభ్యులకు వృద్ధుల సేవలో శిక్షణ ఇచ్చి "హర్షం" పేరుతో పనికి పంపుతున్నారు. పొదుపు సంఘాలు మనకేమీ కొత్త కాదు, ప్రతి ఊరిలోనూ ఉన్నాయి. కువైట్ నుంచి తిరిగి వచ్చినవారు ఆ సంఘాల్లోనే ఉన్నారు. శిక్షణ ఇచ్చే చోటు, రేటు నిర్ణయించే పద్ధతి, ఫిర్యాదు చేసుకునే దారి ఉంటే సరిపోతుంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జపాన్, జర్మనీలకు మన నర్సులను, కేర్‌గివర్లను పంపడానికి భాషలు నేర్పిస్తోంది. మంచిదే. మహబూబ్‌నగర్‌లో ఉన్న అవ్వను చూసుకోవడానికి కూడా ఒక కోర్సు ఉండాలి కదా.

వచ్చిన మనిషిని నిలుపుకోవడం

ఏ దారి ఎంచుకున్నా కొన్ని ఖర్చులు వెనకాడకుండా పెట్టాలి. పడుకోవడానికి చోటు, పెట్టె పెట్టుకోవడానికి ఒక మూల, వేళకు భోజనం, వారానికో సెలవు. జీతం బ్యాంకు ఖాతాకే వేయండి, తేదీ దాటనివ్వకండి. ఏడాదికి 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా ఆమె పేరున కట్టండి. అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేయించండి. నలభై లోపు వయసు, నెలకు 15,000 లోపు ఆదాయం ఉంటే అరవై తర్వాత నెలకు 3,000 పింఛను వచ్చే శ్రమయోగి మాన్‌ధన్ పథకం కూడా ఉంది. నెలవారీ వాటా మీరే కడతానంటే ఆమె ఏడాది కాదు, ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది.

నగలు, నగదు బ్యాంకు లాకరులో పెట్టండి. అది ఆమె మీద అనుమానం కాదు, ఆమెకు రక్షణ. ఉంగరం కనిపించని రోజు మొదట నింద పడేది ఆమె మీదే కాబట్టి. కెమెరా పెడితే ఆమెకు చెప్పి హాలులో పెట్టండి. స్నానం చేయించే చోట, బట్టలు మార్చే చోట పెట్టకండి, అది పెద్దవారి పరువు కూడా. న్యూజెర్సీలో కూర్చుని ఆ కెమెరాలో చూస్తూ "దిండు సరిచేయి" అని గంటకోసారి ఫోన్ చేసే కొడుకులు ఉన్నారు. ఆ కొడుకు అమ్మతో ఆ ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడితే అటెండెంట్ ఆ పది నిమిషాలు నడుం వాలుస్తుంది. ఇంట్లో ఆమెకు చెప్పేవారు ఒక్కరే ఉండాలి. అక్క ఒకటి, తమ్ముడు ఒకటి, పెద్దాయన ఇంకొకటి చెబితే ఎవరు చెప్పినదీ జరగదు.

ఒక నోటు పుస్తకం పెట్టండి. "6.30 లేచారు. 7.00 షుగరు చూశాను. ఇడ్లీ రెండు. 9.00 స్నానం, ఎడమ మడమ ఎర్రగా ఉంది." ఇంత చాలు. చదువు రాకపోతే ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపమనండి. మారు మనిషి వచ్చిన రోజు ఆ పుస్తకమే పని చెబుతుంది. డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు కూడా అదే పనికొస్తుంది.

పెద్దవారు మనిషిని ఒప్పుకోకపోవడం మామూలే. "నాకెందుకు మనిషి, నా పనులు నేను చేసుకోలేనా" అంటారు. వంటమనిషిగా పరిచయం చేయండి, రెండు వారాలు వంటింట్లోనే ఉండనివ్వండి. తర్వాత ఒక రోజు మెట్ల దగ్గర చెయ్యి ఇస్తుంది. అక్కడి నుంచి నెమ్మదిగా అదే అలవాటవుతుంది. మాట్లాడగలిగిన పెద్దవారిని రోజూ ఏకాంతంగా ఒకసారి పలకరించండి. మాటతో కాకపోయినా ఒంటి మీద కమిలిన మచ్చ, మనిషి దగ్గరకు రాగానే ముడుచుకుపోవడం చెబుతాయి. అనుమానం వస్తే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు. దూరంలో ఉన్న పిల్లలు కూడా చేయవచ్చు.

ఒప్పందంలో చివరి అంశంగా ఒకటి రాయండి. పెద్దవారు పోయిన రోజే ఆమె పని కూడా పోతుంది. ఏడాదిపాటు ఇంట్లో ఉన్న మనిషిని పన్నెండో రోజు భోజనాల తర్వాత లెక్క చూసి పంపించేయడం చాలా చోట్ల జరిగేదే. ఒక నెల జీతం అదనంగా ఇస్తామని ముందే రాసుకోండి. ఏ పనులు బాగా చేస్తుందో రాసి, సంతకం చేసి, మీ ఫోన్ నంబరు వేసి ఒక ఉత్తరం ఆమె చేతికివ్వండి. మనిషి కోసం వెతుకుతున్న ఇంకో ఇల్లు మీ వీధిలోనే ఉంటుంది.